జెండర్ గురించి మాట్లాడదామని పిల్లల్ని కూర్చోబెడితే గొడవైంది. మళ్ళీ పెట్టాలా?

తిరుపతిలో డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే ఒక మేడం అడిగిన ప్రశ్న ఇది, క్లుప్తంగా: "నలభై మందిని సెమినార్ హాల్లో కూర్చోబెట్టి జెండర్ మీద మనసులో ఉన్నది చెప్పమన్నాం. ఇరవై నిమిషాల్లో మగపిల్లలు ఒకవైపు, ఆడపిల్లలు ఒకవైపు అయిపోయారు. ఒకబ్బాయి 'ఇవన్నీ మన దగ్గర లేవు మేడం, బయటినుంచి తెచ్చి మన నెత్తిన రుద్దుతున్నారు' అన్నాడు. ఒకమ్మాయి ఏడ్చుకుంటూ లేచి వెళ్ళిపోయింది. క్లాసులో ఒకరు ఈ మధ్యే పేరు మార్చుకుని అమ్మాయిగా ఉంటున్నారు. గొడవ జరిగినంతసేపూ అందరి చూపూ ఆ ఒక్కరి మీదే. మళ్ళీ పెట్టమంటారా, వదిలేయమంటారా?"

పెట్టండి మేడం. కాకపోతే ఈసారి అభిప్రాయం అడగొద్దు, పెంపకం అడగండి. "ఆడా మగా సమానమేనా?", "ట్రాన్స్‌జెండర్ల గురించి నీ అభిప్రాయం ఏంటి?" అని అడిగితే పిల్లవాడు తాను ఏ పక్షమో ముందు తేల్చుకుంటాడు, తర్వాత ఆ పక్షం కోసం వాదిస్తాడు. "ఏడవకూడదని నీకు మొదట ఎవరు చెప్పారు? అప్పుడు నీ వయసెంత?" అని అడిగితే వాదించడానికి ఏముంటుంది? మా అవ్వ చెప్పింది, ఏడేళ్ళప్పుడు, సైకిల్ మీంచి పడితే. దాన్ని ఎదుటివాళ్ళు కాదనలేరు, వినాల్సిందే. మీ మొదటి సమావేశం చెడిపోయింది పిల్లల వల్ల కాదు, ప్రశ్న వల్ల. కొంత హాలు వల్ల కూడా, అది తర్వాత చెప్తాను.

ముందు మాట సంగతి. బోర్డు మీద "లింగ సమానత్వం", "సాంఘికీకరణ" అని రాశారంటే సగం ఆట అక్కడే ఓడిపోయినట్టు. మొదటిది చూసి వెనక బెంచీ నవ్వుతుంది, రెండోది చూసి ముందు బెంచీ పరీక్ష అనుకుని నోట్సు తీస్తుంది. "జెండర్" అనండి, అందరికీ తెలిసిన మాటే. సాంఘికీకరణకు "పెంపకం" చాలు. ఇంట్లో పెంపకం, వీధి పెంపకం, బడి పెంపకం, ఇప్పుడు ఫోన్ పెంపకం కూడా.

ఇంకొకటి, మీకు మాత్రం స్పష్టంగా ఉండాల్సింది. ఈ గొడవల్లో నాలుగు వేరువేరు సంగతులు ఒకే మూటలో పడుతుంటాయి: పుట్టినప్పుడు శరీరం ఏమిటి, తనను తాను ఎవరుగా ఎరుగుదురు, ఎవరి మీద మనసు పడుతుంది, ఊరు ఎలా నడుచుకోమని నేర్పింది. మెత్తగా మాట్లాడే అబ్బాయికి అమ్మాయిల మీదే మనసుండొచ్చు. బుల్లెట్ నడిపే అమ్మాయి తాను అమ్మాయినే అని హాయిగా ఉండొచ్చు. ఎవరైనా మూటను మూటగా విసిరినప్పుడు "ఈ నాలుగింట్లో నువ్వు దేని గురించి అంటున్నావు?" అని అడగండి. వాదం అక్కడికక్కడే సగం తగ్గుతుంది.

గది, మనుషులు, సమయం

నలభై మందితో అరమరికలు లేని మాట జరగదు. ఒక్కో గుండ్రానికి 8 నుంచి 12 మంది. అంతకు తక్కువైతే ఒకరు మౌనంగా ఉన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎక్కువైతే నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్ళు సినిమా చూసినట్టు చూస్తారు. నలభై మందికి నాలుగు గుండ్రాలు కావాలి, నడిపేవాళ్ళు ఎనిమిది మంది కావాలి. అంతమంది దొరక్కపోతే నాలుగు వేరువేరు రోజులు పెట్టుకోండి. ఒకే రోజు నాలుగూ లాగించేద్దామనే ఆశ మాత్రం వద్దు.

సెమినార్ హాలు వద్దు. వేదిక, మైకు, వరుస కుర్చీలు ఉన్నచోట మాట ఉపన్యాసం అయిపోతుంది. మైకు చేతికొచ్చిన పిల్లవాడు ఎదుటివాళ్ళతో మాట్లాడడు, చప్పట్ల కోసం మాట్లాడతాడు. మామూలు క్లాసు గదిలో బెంచీలు గోడకు జరిపి, జంపకానా పరిచి గుండ్రంగా కింద కూర్చోండి. మీరూ కిందే. కింద కూర్చోలేనివాళ్ళు ఒక్కరున్నా అందరూ కుర్చీల్లోనే. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి గది మధ్యలో పెట్టండి. మూలన పెడితే ఒకరి ఫోన్ మోగుతున్నట్టుందని లేచి పోతుంటారు. రికార్డింగ్ లేదు, ఫొటో లేదు, కాలేజీ పేజీలో పెట్టడానికి "ఒక్క గ్రూప్ ఫొటో" కూడా లేదు. ఆ ఒక్క ఫొటో వల్లే ఎవరు వచ్చారో ఊరికి తెలుస్తుంది.

నడిపేది ఇద్దరు: ఒక ఆడ మనిషి, ఒక మగ మనిషి. ఇంటర్నల్ మార్కులు వేసేవాళ్ళు నడపకూడదు. మీరు ఆ క్లాసుకు మార్కులు వేస్తుంటే పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళను పిలిచి మీరు ఆ పూట టీ ఏర్పాట్లు చూసుకోండి, తప్పు లేదు.

సమయం గంటన్నర. మధ్యాహ్నం రెండున్నరకు మొదలుపెట్టి నాలుగు గంటలకు ముగించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఎక్కువ సమావేశాలు చెడేది ఇక్కడే. మూడున్నరకు మొదలుపెడితే ఐదయ్యేసరికి పుత్తూరు, శ్రీకాళహస్తి బస్సులు పట్టుకోవాల్సిన ఆడపిల్లలు లేస్తారు. హాస్టల్ గేటు మూసే వేళకు ఇంకో నలుగురు లేస్తారు. చివరి అరగంటకు గదిలో మిగిలేది తిరుపతి మగపిల్లలు. అసలు మాట అప్పుడే పడుతుంది, వినాల్సినవాళ్ళు మాత్రం బస్సులో ఉంటారు. (అసలు ఎవరు ఎంతసేపు బయట ఉండగలరు అన్నదే పెంపకం పాఠం. దాన్ని ప్రశ్నగా తర్వాత వాడుకోవచ్చు.)

గంటన్నరను ఎలా పంచాలి

మొదటి 10 నిమిషాలు నియమాలు. మూడే చెప్పండి, పది చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఒకటి, ఎవరి సంగతి వాళ్ళే చెప్పాలి, "మా ఫ్రెండ్ ఒకడున్నాడు" అని ఇంకొకరి గుట్టు విప్పకూడదు. రెండు, ఇక్కడ విన్నది బయటికి తీసుకెళ్ళొచ్చు గానీ ఎవరన్నారో తీసుకెళ్ళకూడదు. మూడు, చెప్పబుద్ధి కాకపోతే "పక్కకిస్తున్నా" అంటే చాలు, కారణం అడగరు.

రెండో నియమానికి ఒక హద్దు ఉంది, దాన్ని మొదట్లోనే చెప్పాలి. పద్దెనిమిది నిండనివాళ్ళ మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. డిగ్రీ మొదటి సంవత్సరంలో పదిహేడేళ్ళవాళ్ళు ఉంటారు, ఇంటర్ పిల్లలైతే దాదాపు అందరూ అంతే. "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది" అని గుడ్డిగా మాటిచ్చి, తర్వాత ఆ మాట తప్పితే ఆ బిడ్డ ఇంకెవర్నీ నమ్మదు. అందుకని ముందే: "ప్రాణానికి ముప్పున్న సంగతి, పద్దెనిమిది లోపు వాళ్ళ మీద జరిగిన దాడి, ఈ రెండూ మేము దాచలేం. అలాంటిది చెప్పాలనుంటే తర్వాత విడిగా రండి, కలిసి ఆలోచిద్దాం."

తర్వాత 25 నిమిషాలు విడివిడి గుంపులు. ఆడపిల్లలు ఒకచోట, మగపిల్లలు ఒకచోట మాట్లాడుకుంటే తర్వాత కలిసినప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. మొదటినుంచీ కలిపి కూర్చోబెడితే ఆడపిల్లలు మాటను కోసి కోసి చెబుతారు, మగపిల్లలు జోకుగా మార్చి చెబుతారు. కానీ "బాయ్స్ అటు, గర్ల్స్ ఇటు" అని మాత్రం అనకండి. అలా అన్న క్షణం, మీ క్లాసులో పేరు మార్చుకున్న ఆ బిడ్డ అందరి ముందూ లేచి ఏ వైపు నడవాలో తేల్చుకోవాలి. మూడు జంపకానాలు పరచండి: ఆడపిల్లలది, మగపిల్లలది, కలిసి కూర్చునేవాళ్ళది. "మీకు ఎక్కడ మాట్లాడటం సుళువో అక్కడ కూర్చోండి" అనండి. మూడోదాంట్లో ఎప్పుడూ నలుగురైదుగురు చేరతారు, వాళ్ళల్లో ఎక్కువమంది కేవలం స్నేహితుల కోసం చేరినవాళ్ళే. అదే మంచిది, ఎవరూ విడిగా కనబడరు.

తర్వాత 10 నిమిషాలు టీ, 35 నిమిషాలు అందరూ కలిసి, చివరి 10 నిమిషాలు ముగింపు. టీని తీసేయకండి. విడి గుంపులో గట్టిగా మాట్లాడిన పిల్లవాడు టీ దగ్గర అవతలి గుంపు ముఖాలు చూసి ఒక మెట్టు దిగుతాడు.

ఏం అడగాలి

మంచి ప్రశ్నకు ఒక గుర్తు: జవాబులో ఒక వయసు, ఒక చోటు, ఒక మనిషి ఉండాలి. "ఎప్పుడు, ఎక్కడ, ఎవరు" అనేవి మాటను తెరుస్తాయి. "ఎందుకు" మాటను మూసేస్తుంది, "ఎందుకలా అనుకుంటున్నావు?" అనగానే ఎవరైనా సంజాయిషీ మొదలుపెడతారు.

మొదలుపెట్టడానికి ఒక సామెత చాలు: "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదు." బోర్డు మీద రాయండి. విడి గుంపుల్లో అడగాల్సింది ఇంతే: ఈ మాట, లేదా ఇలాంటి మాట, మీకు మొదట ఎవరన్నారు? ఎన్నేళ్ళప్పుడు? ఆ రోజు నుంచి ఏం మానేశారు? ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. చేతిలో ఒక టీ గ్లాసు తిప్పండి, గ్లాసు ఉన్నవాళ్ళే మాట్లాడాలి.

ఈ సామెత ఎందుకు పనికొస్తుందంటే ఒకే వాక్యంలో ఇద్దరికీ దెబ్బ తగులుతుంది. ఆడపిల్లలు గట్టిగా నవ్వడం మానేసిన రోజు చెబుతారు: వీధిలోకి వినబడుతుందని అమ్మ కసిరింది, పెళ్ళిలో పెద్దనాన్న చూశాడు. మగపిల్లలు ఏడవడం మానేసిన రోజు చెబుతారు: మామూలుగా ఐదూ పదేళ్ళ మధ్య, బడిలో దెబ్బ తిన్నప్పుడో ఇంట్లో ఎవరో పోయినప్పుడో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి విన్నాక "ఎవరికి ఎక్కువ కష్టం" అనే పోటీ పెట్టబుద్ధి కాదు. "ఆడపిల్ల అంటే ఆడ పిల్ల, ఈడ పిల్ల కాదు" అన్న మాట కూడా మన వైపు ఇళ్ళల్లో నలుగుతుంది, దీని తర్వాతి సమావేశానికి దాచుకోండి. ఆస్తి, పెళ్ళి ఖర్చు, చదువు అన్నీ దాంట్లోంచి బయటికొస్తాయి. మొదటి రోజుకు అది బరువు ఎక్కువ.

కలిసి కూర్చున్నాక ఒకే పద్ధతి: బదులు చెప్పే ముందు విన్నది తిరిగి చెప్పాలి. "నువ్వన్నది ఇదేనా?" అని తన మాటల్లో చెప్పాలి, అవతలివాళ్ళు "అవును, అదే" అన్నాకే తన మాట. మొదటి పది నిమిషాలు నాటకంలా ఉంటుంది, పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. చాలాసార్లు "అది కాదు" అనే జవాబు వస్తుంది, అక్కడే పని జరుగుతుంది. ఉదాహరణకు ఒకబ్బాయి "ఆడపిల్లలకు బస్సులో సీట్లు, అన్నిట్లో రిజర్వేషన్, ఇంకేం కావాలి?" అంటాడు. ఒకమ్మాయి తిరిగి చెబుతుంది: "నీకు మేమంటే కోపం, అదేనా?" "కాదు, మా ఇంట్లో డబ్బు లేదు, ఆ సంగతి ఎవరూ అడగరు, అదీ నేనన్నది." ఆ రెండో వాక్యం కోసమే ఇంత తతంగం.

"మన దగ్గర లేవు" అన్న అబ్బాయికి

తిరుపతిలో ఉండి ఈ మాట అన్నాడంటే, ప్రశ్న మీకు చేతికందింది. వాడితో వాదించొద్దు. తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి అడగండి. ప్రతి ఏడూ మే నెలలో వారం పైచిలుకు జరుగుతుంది. ఎంతోమంది మగవాళ్ళు మొక్కుబడిగా చీర కట్టి, సవరం పెట్టి, గాజులు తొడిగి, గుడికి నడిచిపోతారు. ఆ వరుసలో వాడి అన్నో మామో ఉండే ఉంటాడు, వాడే ఉండొచ్చు. కథ కూడా తెలిసిందే: ఆడపిల్లల్ని చెరబడుతున్న పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, అమ్మవారు రోజుకో వేషంలో వెదికింది. బైరాగి, బండ, తోటి, దొర. దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి చంపి, ఆ తర్వాత మాతంగి వేషంలో వాడి పెళ్ళాన్ని ఓదార్చిందని చెబుతారు. ఆ వేషాలు కట్టేది కైకాల కులం వాళ్ళు. అంటే అమ్మవారు మగ దొర అయింది, ఊళ్ళో మగవాళ్ళు ఆడవాళ్ళయ్యారు.

అడగాల్సిన ప్రశ్నలు: చీర కట్టిన రోజు నడక మారిందా? కుచ్చిళ్ళు తట్టుకోకుండా బస్సెక్కగలిగావా? జనంలో ఎవరన్నా తగిలితే ఏమనిపించింది? చీర కట్టింది ఎవరు, అమ్మా అక్కా? కట్టేటప్పుడు ఏం మాట్లాడుకున్నారు? ఇవి మగపిల్లలు ఉత్సాహంగా చెబుతారు, ఆడపిల్లలు అంతకన్నా ఉత్సాహంగా సరిదిద్దుతారు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న: జాతర వారంలో చీర కట్టిన మగవాడికి దండం పెట్టిన వీధే, జూన్‌లో మెత్తగా నడిచే పిల్లవాణ్ణి చూసి ఏమంటుంది? జవాబు అక్కర్లేదు. అడిగి ఊరుకోండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలున్నాయి, జాతర ఉదాహరణ తీసినవాళ్ళు ఎక్కువగా తప్పేది వీటిలోనే. మొదటిది, మొక్కు వేషం వేరు, ఒక మనిషి ఉనికి వేరు. జాతర చీర సాయంత్రానికి విప్పేస్తారు. మీ క్లాసులో ఉన్న ఆ బిడ్డ విప్పేది ఏమీ లేదు. "చూడు, మనమూ ఆడవేషం వేస్తాంగా" అని ఎవరైనా ఆమెతో అంటే ఓదార్పు అనుకుంటారు, ఆమె చెవికి "నీదీ వేషమే" అని వినబడుతుంది. జాతర మగపిల్లల అనుభవం తెరవడానికి మాత్రమే, ఆమెను వివరించడానికి కాదు. రెండోది, దాన్ని సాక్ష్యంలా వాడి "కాబట్టి మన సంస్కృతి ఒప్పుకుంటుంది" అని గెలవబోకండి. అవతలివాడు భక్తి గురించి మాట్లాడుతుంటే మీరు కోర్టు నడుపుతున్నట్టుంటుంది. మూడోది, గుంపులో జాతరకు పోని ఇళ్ళవాళ్ళు, ముస్లిం, క్రైస్తవ పిల్లలు ఉంటారు. వాళ్ళకు "మీ వీధి నాటకంలోనో బడి వార్షికోత్సవంలోనో మగవాళ్ళు ఆడవేషం కట్టడం చూశారా?" అని ముందే ఇంకో దారి పెట్టండి.

పిలుపు, క్రియ: తెలుగులో ఉన్న వీలు, తెలుగులో ఉన్న ముల్లు

"ఆమె అనాలా, అతను అనాలా" అని పిల్లలు తడబడతారు. తెలుగులో ఈ తడబాటు అనుకున్నంత పెద్దది కాదు. "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు", "మీరు వచ్చారు", ఎక్కడా ఆడా మగా లేదు. మనిషి ఎదురుగా ఉన్నంతసేపూ భాష మిమ్మల్ని ఏమీ అడగదు. చిక్కు అంతా ఆ మనిషి గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడే: వచ్చాడా, వచ్చిందా. అమ్మాయిగా ఉంటున్నవాళ్ళకు "ఆమె వచ్చింది", అంతే. వాళ్ళ ఇష్టం ఇంకా మీకు తెలియకపోతే పేరు పెట్టి "వచ్చారు" అనండి, "తను వచ్చారు" అనండి. గౌరవానికి మనం రోజూ వాడే బహువచనమే కాబట్టి కొత్తగా నేర్చుకునేదేం లేదు.

ముల్లు ఎక్కడంటే, ఏకవచనంలో ఆడవాళ్ళకూ వస్తువుకూ ఒకటే క్రియ. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది. "ఆమె" బదులు "అది" అని అన్నారంటే మనిషి వస్తువైపోయింది. ట్రాన్స్ మహిళల గురించి వెనకాల మాట్లాడేటప్పుడు ఈ "అది" ఎంత తేలిగ్గా వస్తుందో గమనించండి. నియమం పెట్టాల్సివస్తే ఈ ఒక్క మాటకు పెట్టండి: గదిలో మనిషిని "అది" అనడం లేదు, ఆడపిల్లనైనా సరే.

పొరపాటున ఎవరైనా "వచ్చాడు" అంటే, "వచ్చింది" అని ఒక్క మాట అందించి ముందుకు పోండి. అయిదు నిమిషాల క్షమాపణ మొదలైతే, ఇప్పుడు ఆమె కూర్చుని తప్పు చేసినవాణ్ణి ఓదార్చాలి.

మీ అలవాటు కూడా ఒకసారి చూసుకోండి మేడం. మగపిల్లల్ని "ఏరా", ఆడపిల్లల్ని "ఏమ్మా" అంటాం, మనకు తెలియకుండానే. ఆ గంటన్నర ఇద్దరికీ పేరు మాత్రమే. మొదట్లో గొంతులో అడ్డం పడుతుంది, పిల్లలకు మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక ఆ బిడ్డ సంగతి. ఒక రోజు ముందు విడిగా పిలిచి మూడే అడగండి: వస్తావా (రాకపోయినా పర్లేదు)? ఏ పేరుతో, ఎలా పిలవాలి? ఎవరైనా నీ వైపు తిరిగి అడిగితే నేనేం అనాలి? ఆపరేషన్, పాత పేరు, ఇంట్లో ఒప్పుకున్నారా, ఈ మూడూ మీరు అడగకూడదు, గదిలో ఎవరినీ అడగనివ్వకూడదు. ఆమె స్టూడెంట్. క్లాసుకు పాఠం ఆమె కాదు. అదే విధంగా గుంపులో ఉన్న ఒకే ఒక్క ముస్లిం అమ్మాయిని "మీలో ఎలా ఉంటుంది?" అని, ఒకే ఒక్క దళిత అబ్బాయిని "మీ వైపు ఎలా?" అని అడగడం కూడా తప్పే.

మధ్యలో చెడేది, చేయాల్సింది

"మగాళ్ళకీ కష్టాలున్నాయి" అనే మాట తప్పకుండా వస్తుంది. నిజమే, ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే అది ఎప్పుడూ ఆడపిల్ల మాటకు బదులుగా వస్తుంది. "దానికి పూర్తి పది నిమిషాలు ఇస్తాం, మూడు గంటల నలభైకి. ఇప్పుడు తన మాట పూర్తి కానీ" అనండి, బోర్డు మీద టైము రాయండి, ఆ టైముకు నిజంగా ఇవ్వండి. ఇవ్వకపోతే మగపిల్లలు మళ్ళీ రారు, వాళ్ళను తప్పు పట్టలేం.

ఎవరైనా ఏడిస్తే చుట్టూ మూగొద్దు, మాట ఆపొద్దు. ఇద్దరు నడిపేవాళ్ళు ఉండాల్సింది ఇందుకే: ఒకరు "బయటికెళ్దామా, ఇక్కడే ఉందామా?" అని మెల్లగా అడగాలి, రెండోవాళ్ళు గుండ్రాన్ని నడపాలి. మీ దగ్గర వెళ్ళిపోయిన అమ్మాయి ఒంటరిగా వెళ్ళిందంటే, ఆమె వెనక వెళ్ళే మనిషిని ముందే అనుకోలేదన్నమాట.

నోటితో చెప్పలేనిది పేరు లేకుండా చీటీ మీద రాసిమ్మనే పద్ధతి పెట్టే పనైతే ఒక మెళకువ ఉంది. పేరు రాయకపోయినా క్లాసులో చేతిరాత అందరికీ తెలుసు. ఒకే రకం కాగితం, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. చదివేది మీరే చదవండి, చుట్టూ తిప్పకండి. టీ టైములో రెండో మనిషి వాటిని తన రాతలో తిరగరాస్తే ఇంకా మంచిది. అయిపోగానే అక్కడే చింపేయండి.

నిజానిజాల తగువు వస్తే దాన్ని అభిప్రాయాల్లో కలపకండి, నిమిషంలో తేల్చి వెనక్కి రండి. అందుకు నాలుగు సంగతులు చేతిలో పెట్టుకోండి. "ఇది నేరం కదా?" కాదు, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 377వ సెక్షన్‌లో పెద్దలైన ఆడా ఆడా, మగా మగా ఇష్టపడి కలిసుండడాన్ని నేరంగా చూసిన భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న కొట్టేసింది. "థర్డ్ జెండర్ అని చట్టంలో ఉందా?" 2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు గుర్తించింది, 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం వచ్చి 2020 జనవరి 10 నుంచి అమల్లోకొచ్చింది. "ఇది జబ్బు కదా?" ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఇష్టాన్ని 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది, ట్రాన్స్‌జెండర్‌గా ఉండడాన్ని 2022 నుంచి అమల్లో ఉన్న జాబితాలో మానసిక రోగాల కింద చూపడం లేదు. "అయితే పెళ్ళి కూడా చేసుకోవచ్చా?" ఆడా ఆడా, మగా మగా పెళ్ళికి హక్కు ఉందనడానికి సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న ఒప్పుకోలేదు. మగవాణ్ణి పెళ్ళాడిన ట్రాన్స్ మహిళ భర్త, అత్తింటివాళ్ళ వేధింపు మీద పాత ఐపీసీ 498ఎ కింద ఫిర్యాదు చేయొచ్చని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. అన్నీ ఒకే పక్షానికి కలిసిరావని గమనించారు కదా. ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక పక్షానికి నచ్చినవే ఏరి చెబితే, రెండో పక్షం సాయంత్రానికి ఫోన్‌లో మిగతావి వెదికి పట్టుకొస్తుంది, ఆపైన మీ మాట నమ్మదు.

"మా అమ్మానాన్న ఇలా ఒప్పుకోరు" అని ఎవరైనా అంటే ఆ తల్లిదండ్రులను గదిలో దోషులను చేయకండి. వాళ్ళకు ఎవరేం చెప్పారు అన్న ప్రశ్నే అక్కడా వేయండి. "మీ నాన్నకు ఆ మాట ఎవరు చెప్పి ఉంటారు?" అంటే పిల్లలు తాత దాకా పోతారు, కోపం కాస్త చల్లబడుతుంది. ఇంటికెళ్ళి "నువ్వు తప్పు నాన్నా" అని మొదలుపెట్టొద్దని కూడా చెప్పి పంపండి. అదే రోజు రాత్రి అన్నం దగ్గర పెద్ద చర్చ పెట్టిన పిల్లకు మర్నాటి నుంచి కాలేజీ మాన్పించే ప్రమాదం నిజంగా ఉంది. ఇది మాత్రం ఆడపిల్లలకే ఎక్కువ.

ఒక్కోసారి ఆపేయాల్సి వస్తుంది. ఎవరో ఒకరి గుట్టు ఇంకొకరు బయటపెడితే, ఒకర్ని పట్టుకుని బూతుమాట అంటే, బెదిరిస్తే, ఆ మాటకు అర్థం ఏమిటని చర్చ పెట్టొద్దు. "ఈ పూటకు ఇక్కడ ఆపుదాం" అని లేచి, ఇద్దరితోనూ విడివిడిగా అదే రోజు మాట్లాడండి. వేధింపు సంగతి అయితే కాలేజీ అంతర్గత కమిటీకి పంపాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలని యూజీసీ 2015 నిబంధనల్లో ఉంది. ఆ నిబంధనలు మగపిల్లలనూ, థర్డ్ జెండర్ స్టూడెంట్లనూ కూడా లెక్కలోకి తీసుకున్నాయి, ఈ ముక్క గదిలో చెప్పండి. మనసు బాగా కలత పడినవాళ్ళకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఈ రెండు నంబర్లూ బోర్డు మూలన మొదటినుంచీ రాసి ఉంచండి. చివర్లో ఒకరి చేతిలో చీటీగా పెడితే అందరూ ఆమెనే చూస్తారు.

ఈ సమావేశం, ఆ గొడవ జరిగిన రెండు మూడు వారాల తర్వాత పెట్టండి. వారంలోపు అయితే కోపం ఆరదు, నెల దాటితే నమ్మకం ఆరిపోతుంది. మొదటిసారి ఏడ్చి వెళ్ళిన అమ్మాయినీ, "మన దగ్గర లేవు" అన్న అబ్బాయినీ మీరే స్వయంగా పిలవండి, ఒకర్ని పిలిచిన సంగతి ఇంకొకరికి చెప్పకుండా. వాళ్ళిద్దరూ ఒకే గుండ్రంలో ఉండాల్సిన పని లేదు.

ప్రిన్సిపాల్ గారు రిపోర్టు అడుగుతారు, అది ఖాయం. అరపేజీ చాలు: తేదీ, గది, ఎంతమంది వచ్చారు, ఏ ప్రశ్నలు అడిగారు, తర్వాతి తేదీ. ఎవరేమన్నారో ఒక్క వాక్యం కూడా వద్దు, "ఒక విద్యార్థిని" అని పేరు దాచి రాసినా వద్దు. మీ క్లాసులో పేరు మార్చుకున్నది ఒక్కరే కాబట్టి, పేరు దాచినా ఆ కాగితం ఎవరి చేతిలో పడినా ఎవరో తెలిసిపోతుంది.